‘కొత్త అప్‌డేట్‌లు లేవు’ అంటే ఏమని అర్థం చేసుకోవాలి?

ఈసారి మిర్చి ధర సంగతి కాదు, నల్లతామర సంగతి అసలే కాదు. ఫోను సంగతి రాస్తున్నా. ‘ఈయనకెందుకయ్యా ఇవన్నీ’ అనుకోకండి. గుంటూరు యార్డులో కాయ అమ్మితే డబ్బు పడేది ఖాతాలో, ఆ ఖాతా తాళం ఉండేది ఫోనులో. పొలం పాస్‌బుక్కు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాం, ఈ తాళం సంగతి మాత్రం ఎవరూ చూడరు.

నా ఫోను 2019లో తొమ్మిది వేలకు కొన్నది. కంపెనీ పేరు అనవసరం. రెండేళ్లు అప్‌డేట్‌లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఫోనుకేమో ఏ రోగమూ లేదు. తెర పగల్లేదు, బ్యాటరీ ఒక్కసారి మార్పించా. బతికున్న ఎద్దును కబేళాకు తోలమన్నట్టు, కొత్తది కొనుక్కోమంటారు. అప్పుడు మా మేనల్లుడు, బీటెక్ చదువుతున్న రోజుల్లో, దాంట్లో లీనేజ్ ఓఎస్ ఎక్కించాడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతా. ఆండ్రాయిడ్ అసలు కోడ్‌ను గూగుల్ బయటపెడుతుంది, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. దాంతో 2009 నుంచి సయనోజెన్‌మాడ్ అని ఒకటి నడిచింది. 2016 డిసెంబర్‌లో అది మూతపడితే, అందులో పనిచేసినవాళ్లే లీనేజ్ పేరుతో కొనసాగించారు. జీతం లేని పని. ఒక్కో మోడల్‌ను ఎవరో ఒకరు, ఏదో దేశంలో, సొంత ఫోను ముందు పెట్టుకుని చూసుకుంటారు. అలా వందకు పైగా మోడళ్లు నడుస్తున్నాయి.

నాకు ఇది ఇంటి విత్తనం లాగా అనిపించింది. కంపెనీ ప్యాకెట్ విత్తనం అయితే ఏటా కొనాల్సిందే, దాచుకుని వేస్తే అదే పంట రాదు. ఇంటి విత్తనం మనది. దాచుకోవచ్చు, పక్కోడికి ఇవ్వొచ్చు, 2001 నాటి చట్టంలో రైతుకు ఆ హక్కు రాసిపెట్టి ఉంది. కానీ ఇంటి విత్తనం ఊరికే రాదు కదండీ. బెరుకులు ఏరాలి, ఎండబెట్టాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఆ పని చేసే మనిషి ఇంట్లో లేకపోతే మూడో ఏటికి గింజ తేలిపోతుంది. ఈ ఫోన్ల కథా అంతే, బెరుకులు ఏరే పనే అప్‌డేట్.

అప్‌డేట్ అంటే మనోళ్లకు కొత్త బొమ్మలు, కొత్త రంగులు అనే లెక్క. అది కాదు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని ఒక లోపం బయటపడింది. ఎవరైనా మన నంబరుకు ఒక వీడియో మెసేజ్ పంపితే చాలు, మనం ముట్టుకోకపోయినా ఫోనులోకి దూరగలిగేంత లోపం. అప్పటినుంచే గూగుల్ నెలనెలా భద్రతా లోపాల జాబితా, వాటికి అతుకులు విడుదల చేయడం మొదలుపెట్టింది. అంటే ప్రతి నెలా కన్నాలు ఎక్కడున్నాయో దొంగకూ తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది. అతుకు వేసుకున్నవాడు బతుకుతాడు. వేసుకోనివాడి గోడకు కన్నం ఎక్కడుందో ఊరంతా తెలిసినట్టే.

ఇక అసలు సంగతికి వస్తా. లీనేజ్‌లో మామూలు అప్‌డేట్ సులువే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అప్‌డేటర్. వారానికొకటి వస్తుంది. నొక్కితే దిగుతుంది, మళ్లీ నొక్కితే ఫోను ఆగి లేస్తుంది. కాకపోతే చిన్న మార్పు ఉన్నా మొత్తం సరుకు మళ్లీ దించుకోవాలి. గోడకు పెచ్చు ఊడితే ఇల్లంతా మళ్లీ కట్టినట్టు. దగ్గరదగ్గర ఒక జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీలో ఒక జీబీ దానికే పోతే, ఆ రోజు పిల్లది ఆన్‌లైన్ క్లాసు చూడలేదు. మా ఊళ్లో సిగ్నల్ బాగా తగిలేది చెరువు కట్ట మీద. అప్‌డేట్ కోసం కట్ట మీద కూర్చున్న రోజులున్నాయి, చూసినవాళ్లు బాధలో ఉన్నాననుకుని పలకరించి వెళ్లేవాళ్లు.

ఈ డేటా ఖర్చు పెద్ద కంపెనీలకు తెలియనిది కాదు. 2014 సెప్టెంబర్‌లో మన దేశంలోనే ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు మొదలయ్యాయి. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి, ఆరు వేల చిల్లర. అప్పుడు ఎయిర్‌టెల్ సిమ్ వేసుకున్నవాళ్లకు మొదటి ఆరు నెలలు అప్‌డేట్‌ల డేటా ఉచితం అన్నారు. ఎంత మంచి ఆలోచన! అది ఆరు నెలలతో సరిపెట్టాల్సిన ఆలోచన కాదు.

వారం వారం వచ్చేవి ఇలా నెట్టుకొచ్చా. అసలు తంటా ఏడాదికోసారి, ఆండ్రాయిడ్ మెట్టు మారినప్పుడు. లీనేజ్ 20 నుంచి 21కి వెళ్లాలంటే ఆ అప్‌డేటర్ పనికిరాదు. కంప్యూటర్ కావాలి, కేబుల్ కావాలి, ఏడీబీ అనే నల్ల తెరలో ఆజ్ఞలు టైప్ చేయాలి. గూగుల్ యాప్‌లు వేసుకుని ఉంటే వాటినీ కొత్త మెట్టుకు సరిపడేవి తెచ్చి, ఫోను లేవకముందే మళ్లీ ఎక్కించాలి. మేనల్లుడు అప్పటికే ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు. మండలంలో నెట్ సెంటర్‌కు వెళ్లి అడిగితే, ‘బాబాయ్, ఫోను చచ్చిపోతే నన్నంటావు, నావల్ల కాదు’ అన్నాడు. చచ్చినా నిన్నననని ఒప్పించి, మా ఆవిడ ఫోనులో మేనల్లుణ్ని వీడియో కాల్‌లో పెట్టి, ఇద్దరం కూర్చున్నాం. మందు కొట్టే కూలీలు పొలంలో ఉన్నారు, నేను ఇక్కడ ఆంగ్ల అక్షరాలు ఒక్కొక్కటీ చదివి చెబుతున్నా.

సగంలో, సరిగ్గా 47 శాతం దగ్గర ఆగిపోయింది. కింద ఒక మాట పడింది, తెలుగులో చెప్పాలంటే ‘ఆజ్ఞ చదవడంలో విఫలం: సఫలం’ అని. నేను ఎగతాళి చేయట్లేదు, నిజంగా అలాగే వస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడికి చెమటలు. మేనల్లుడేమో అటునుంచి నవ్వుతున్నాడు. ‘ఏం కాదు మావయ్యా, చాలామందికి అక్కడే ఆగినట్టు కనపడుతుంది, పని అయిపోయినట్టే లెక్క’ అంటాడు. ఆ సంగతి లీనేజ్ వాళ్ల సూచనల్లో కూడా రాసి ఉందట. రాసి ఉంటే ఏం లాభం? విఫలం, సఫలం పక్కపక్కనే పెట్టి మనిషి గుండెతో ఆడుకోవడం ఎందుకు? అది రాసేంత ఓపిక ఉన్నోళ్లు, ఆ మాటే మార్చి ఉంటే పోయేది కదా. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఫోను లేచింది. ఫొటోలు, నంబర్లు అన్నీ ఉన్నాయి.

ఇది చదివి కొందరు కుర్రాళ్లు ‘అంత కష్టమేం కాదు సార్, పది నిమిషాల పని’ అంటారని తెలుసు. పది నిమిషాల పనే, తెలిసినోడికి. మోటారు స్టార్టరు విప్పి కాంటాక్టులు గీకడం నాకూ పది నిమిషాల పనే, మీరు చేస్తారా?

మా పక్క చేను ఆయన, వరసకు నాకు బావమరిది అవుతాడు, నన్ను చూసి ఆయనా మేనల్లుడి చేత అదే ఎక్కించుకున్నాడు. ఆయనది వేరే మోడల్. మొన్న నా తంటా విని, ‘నాకా గొడవ లేదు బావా, అప్‌డేటర్ తెరిస్తే కొత్త అప్‌డేట్‌లు లేవంటుంది. అన్నీ సక్రమంగా ఉన్నట్టే’ అన్నాడు. అనుమానమొచ్చి ఆయన ఫోను తీసుకుని భద్రతా అప్‌డేట్ తేదీ చూశా. పద్నాలుగు నెలల కిందటిది. మేనల్లుడికి ఫోన్ చేస్తే, ఆ మోడల్‌ను చూసుకునే మనిషి మానేశాడు, కొత్తవి తయారు కావట్లేదు అన్నాడు. మానేయడం తప్పని నేనను. జీతం లేని పని, ఆయనకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు. కానీ ఫోను మాత్రం ‘నీ దగ్గర అంతా తాజాగా ఉంది’ అనడానికీ, ‘నిన్ను పట్టించుకునే దిక్కు లేదు’ అనడానికీ ఒకే మాట వాడుతోంది. కొత్త అప్‌డేట్‌లు లేవు! డాక్టరు దగ్గరకు వెళ్తే తలుపు మీద ‘ఈరోజు జబ్బులేమీ లేవు’ అని రాసి ఉన్నట్టుంది. చూస్తే డాక్టరు ఊరు వదిలి ఏడాది.

ఆ ఖాతాలో ఆయన ఏడాది కాయ డబ్బు ఉంది. కూతురి పెళ్లికి దాచినది. పైగా కిందటి నెలలో ఆయనకు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్ వచ్చింది, కొడుకు చూసి తీసేశాడు కాబట్టి సరిపోయింది. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. అలాంటి ఫైల్ మనమే నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఎంత తాజా అప్‌డేట్ ఉన్నా కాపాడలేదు. కానీ లోపలికి వచ్చినవాడు ఎంతదూరం పోగలడు అన్నది ఆ అతుకుల మీద ఆధారపడి ఉంటుంది. దొంగ గుమ్మం దాటడం వేరు, బీరువాదాకా పోవడం వేరు.

ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు ఇలాంటి ఫోన్లలో తెరుచుకోవు. కంపెనీ వేసిన తాళం తీసి ఉందని గుర్తుపట్టి పొమ్మంటాయి. మా బ్యాంకు యాప్ అలాగే పొమ్మంది. కిందటి నెల అతుకు ఉన్న నా ఫోను పనికిరాదట, 2021 నుంచి అతుకు ముఖం చూడని పక్కింటాయన కంపెనీ ఫోను పనికొస్తుందట. తాళం ఉందా లేదా చూస్తారు గానీ గోడకు కన్నముందా అని చూడరు. డబ్బు పనులన్నీ ఇప్పుడు మా ఆవిడ ఫోనులోనే.

మరి ఏం చేయాలి? నాకు తెలిసిన కొన్ని మంచి పనులు ఇప్పటికే జరుగుతున్నాయి. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక పద్ధతి వచ్చింది. ఫోనులో రెండు మడులు ఉంటాయి. ఒక మడిలో మనం పని చేసుకుంటుంటే రెండో మడిలో కొత్తది నాటుతుంది. ఆపి లేపినప్పుడు కొత్త మడికి మారుతుంది. అది మొలవకపోతే దానంతటదే పాత మడికి వచ్చేస్తుంది. మనం భయపడేది సగం ‘ఫోను లేవకపోతే’ అనేగా! ఆ పద్ధతి ఉన్న ఫోన్లలో లీనేజ్ కూడా అలాగే వేస్తుంది. నా చవక ఫోనుకు ఆ యోగం లేదు. గ్రాఫీన్ ఓఎస్ అని ఇంకొకటుంది, గూగుల్ పిక్సెల్ ఫోన్లకు. అది మొదటిసారి ఎక్కించడానికి కూడా నల్ల తెర అక్కర్లేదు, బ్రౌజర్‌లో బటన్లు నొక్కుకుంటూ పోవడమే, తర్వాత అప్‌డేట్‌లు వాటంతటవే వస్తాయి. అంటే చేయలేక కాదు, చేయాలనుకుంటే అవుతుంది.

నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అని ఒక కంపెనీ ఉంది. మన దుకాణాల్లో దొరకదు. 2015లో వచ్చిన వాళ్ల రెండో ఫోనుకు 2023 దాకా అప్‌డేట్‌లు ఇచ్చారు, చిప్ చేసిన కంపెనీ మధ్యలో చెయ్యి వదిలేసినా. యూరప్‌లో 2025 జూన్ నుంచి చట్టమే పెట్టారు. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఐదేళ్లు అప్‌డేట్‌లు అందుబాటులో ఉంచాలని. ఎరువు బస్తా మీద తయారీ తేదీ, పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ చూసి కొంటాం. ఫోను డబ్బా మీద ‘ఫలానా నెల వరకు అప్‌డేట్‌లు’ అని పెద్ద అక్షరాల్లో ఎందుకు ఉండకూడదు?

లీనేజ్ లాంటివి చేసేవాళ్లను నేను ఊరికే వాడుకుంటూ ఇది చెయ్యి అది చెయ్యి అని అడగడం బాగోదు, తెలుసు. అయినా అడుగుతా, ఎందుకంటే వాళ్లు చేసిన పని నాలాంటివాడిదాకా రావాలంటే మిగిలిన దూరం చిన్నదే. అప్‌డేట్ వచ్చినప్పుడు ఎంత డేటా, ఎంతసేపు, చార్జింగ్ ఎంత ఉండాలి, ఏమైనా పోతుందా అని నాలుగు ముక్కలు తెలుగులో చెప్పండి. ఏం మారిందో చెప్పే జాబితా ఇంగ్లీషులో ఉంటుంది, అది కూడా ఇంజినీర్లు ఇంజినీర్లకు రాసుకున్నట్టు. మారిన భాగం వరకే దించే ఏర్పాటు చేయండి. మెట్టు మారడం కూడా ఫోనులోంచే అయ్యేట్టు చూడండి. అన్నింటికంటే ముందు, మోడల్‌ను వదిలేస్తే వదిలేశామని ఫోను తెర మీద చెప్పండి.

తెలుగు చేసే పని మాత్రం మన పిల్లలదే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు కంప్యూటర్లకు తెలుగు ఓఎస్ చేసి పెట్టారు, వాలంటీర్లతోనే. చేయగలిగినవాళ్లు మనలో ఉన్నారు. ఇంజినీరింగ్ పిల్లలు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పూట పాత ఫోన్లు ముందేసుకుని కూర్చుంటే సగం ఊరు బాగుపడుతుంది. మా నెట్ సెంటర్ కుర్రాడు ఆ రోజు తర్వాత ఇంకో మూడు ఫోన్లకు మెట్టు మార్చాడు. ఒక్కోదానికి 150 తీసుకుంటున్నాడు. తీసుకోనీండి, మోటారు మెకానిక్కుకు ఇవ్వట్లేదా.

బావమరిదికి ఆ మోడల్‌కే /ఈ/ ఓఎస్ ఇంకా నడుస్తోందేమో చూడమని మేనల్లుడికి చెప్పా. ఈలోపు ఖాతా డబ్బులో చాలా భాగం డిపాజిట్‌లోకి మార్పించాం, బ్యాంకుకు మనిషి వెళ్లి.

మీరు కూడా ఒక్కసారి సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కి, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏ నెల ఉందో కింద రాయండి. మోడల్ పేరు కూడా పెడితే, ఆదివారం మేనల్లుడితో కూర్చున్నప్పుడు ఒక్కొక్కటీ అడిగి జవాబు పెడతా.