సంగీతం ఎవరికి వచ్చినట్టు?

మాండరిన్‌లో ‘మై’ అంటే కొనడం, అమ్మడం కూడా. గొంతు కిందికి దిగి మళ్లీ లేస్తే కొనడం. పైనుంచి ఒక్కసారిగా దిగితే అమ్మడం. తెలుగులో గొంతు మార్చి కోపాన్నో వెటకారాన్నో పలికిస్తాం గానీ మాట అర్థమే మారిపోదు. అందుకే మాండరిన్ తరగతిలో మాకు ఆ రెండూ మొదట్లో ఒకేలా వినిపించేవి. వీణ నేర్చుకున్న ఒక అమ్మాయి మాత్రం వెంటనే పట్టేసింది. అదేదో పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నారు చాలామంది.

2007లో వెలువడిన ఒక అధ్యయనం సాధన సంగతి చెప్పింది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాండరిన్ రానివాళ్లకు ‘మి’ అనే ధ్వనిని మూడు స్థాయిభేదాలతో వినిపించారు. చిన్నతనం నుంచీ వాద్యం నేర్చుకున్నవాళ్ల మెదడు ఆ హెచ్చుతగ్గులను మిగతావాళ్లకంటే స్పష్టంగా అందుకుంది. నేర్చుకున్న ఏళ్లు ఎక్కువైనకొద్దీ ఆ స్పష్టతా ఎక్కువగా కనిపించింది.

నన్ను ఆపింది ఆ ‘నేర్చుకున్న ఏళ్లు’ అన్న మాట. మా అమ్మ ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. నాట్లేసేటప్పుడు ఒకామె ఎత్తుకున్న పాటను నడుం వంచిన పదిమందితో కలిసి, గొంతులో గొంతు కలిపి అందుకునేది. ఇలా ఎన్ని సీజన్లో! అయినా ఆ కొలతలో ఆమె సంగీతం రానిదే అవుతుంది. మన దగ్గర వీణ ఏ కులాల ఇళ్లలోకి వెళ్లిందో, ఏ ఆడపిల్లలకు సాధన చేసే తీరిక దొరికిందో మనకు తెలియంది కాదు. సంగీతం చెవిని పదును పెడుతుందంటే నాకు అభ్యంతరం లేదు. ఏది సంగీతమో తేల్చేటప్పుడు పొలంలో పాటను కూడా లెక్కలోకి తీసుకోమంటున్నాను.