ఉన్న డబ్బులో ఆటల కంప్యూటరు

పిల్లలు కంప్యూటరు అడిగినప్పుడు సాధారణంగా "చదువు కోసం" అనే అడుగుతారు. తల్లిదండ్రులమైన మనకు కూడా ఆ మాట వినడమే ఇష్టం. తీరా యంత్రం ఇంటికి వచ్చాక దానిమీద ఆటలు నడవవు, పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. లేదా ఆటలు తప్ప మరొకటి నడవదు, పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. రెండింటికీ మూలం ఒక్కటే. దేని నిమిత్తం కొంటున్నామో ముందుగా నిజం చెప్పుకోకపోవడం. 2024 వేసవిలో మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మేము చేసిన ఆలోచన, వేసుకున్న లెక్క మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది బోధన్ దగ్గరి పల్లె. ఇంటి పెద్దాయన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అటు తరువాత మేమూ చెరకు మానుకొని వరికి మారాము. ఆ వేసవిలో ఇంటర్ పూర్తిచేసిన మా కుమారుడు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, "అమ్మా, బాపూ, అబద్ధమెందుకు? ఆటలాడుకునేతందుకే అడుగుతున్న. చదువుకు గూడ పనికొస్తది గనీ, అది తర్వాత సంగతి" అన్నాడు. ఆ మాట మాకు నచ్చింది. నిజం చెప్పినవానికి నిజమైన జవాబే ఇవ్వాలనుకున్నాము. వానాకాలం పెట్టుబడి, కుమార్తె కాలేజీ ఫీజు పక్కన పెట్టి చూస్తే చేతిలో మిగిలేది 45 వేలు. అంతకు ఒక్క రూపాయి దాటదని చెప్పాము.

"ఆటకు నలబై అయిదు వేలారా!" అని పెద్దాయన కేకవేశారు. ఆయన భయం డబ్బు గురించి మాత్రమే కాదు. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన ఇండ్ల కథలు ఆయన వినివున్నారు. ఆటకు, జూదానికి మధ్య గీత గీయవలసి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లోనే చట్టం నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. అందుచేత మా షరతులు మూడు: డబ్బు పందెం ఉన్న ఆట ముట్టరాదు, మా బ్యాంకు ఖాతాగానీ, ఫోను చెల్లింపులుగానీ ఆ యంత్రానికి కలపరాదు, కంప్యూటరు తలుపు వేసుకునే గదిలో కాక అందరూ తిరిగే ముందు గదిలో ఉండాలి. మూడింటికీ అబ్బాయి ఒప్పుకున్నాడు.

ఇక భాగాలు ఏరుకోవడం. ఇక్కడ చాలామంది "ఏ ప్రాసెసరు మంచిది?" అని మొదలుపెడతారు. మొదట అడగవలసింది అది కాదు, "ఏ ఆట ఆడతావు, ఎంత తెర మీద?" అన్నది. మావాడు రెండు పేర్లు చెప్పాడు. ఒకటి లారీ నడిపే ఆట, 2012 నాటి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. మరొకటి వ్యవసాయపు ఆట, 2021 నాటి ఫార్మింగ్ సిమ్యులేటర్ 22. రెండూ అంత బరువైనవి కావు. తెర సాధారణమైన 1920 బై 1080 చుక్కలది చాలు. ఈ జవాబుతోనే సగం ఖర్చు తగ్గింది.

భాగాలన్నీ ఒకదానికొకటి సరితూగాలన్న సంగతి పెద్దాయనకు చెప్పబోతే ఆయనే మాకు చెప్పారు. "గానుగ ఎంత పెద్దగుంటే ఏం లాభంరా? బాయిలర్ ఆవిరి సాలకుంటే చెరుకు బండ్లు గేటుకాన్నే ఆగుతయి" అన్నారు. కంప్యూటరులోనూ అంతే. ఖరీదైన ప్రాసెసరు కొని బలహీనమైన గ్రాఫిక్స్ కార్డు పెడితే ప్రాసెసరు ఊరికే కూర్చుంటుంది. ఆటలో తెరమీది బొమ్మను క్షణక్షణం గీసేది గ్రాఫిక్స్ కార్డే గనుక ఆటల యంత్రంలో సాధారణంగా ఎక్కువ డబ్బు దానికే పోతుంది. మానిటరు నుండి మౌసు వరకు అన్నీ కొత్తగా కొనవలసిన మాకు ఆ డబ్బులో మంచి కార్డు రాదు.

అందువలన కార్డు తరువాతకు వాయిదా వేసి, బొమ్మ గీసే భాగం లోపలే ఉన్న ప్రాసెసరును ఎంచుకున్నాము. 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జి అటువంటిది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అనే అక్షరముంటే అందులో ఈ భాగం ఉండదు, విడిగా కార్డు లేనిదే తెర వెలగదు. చవకగా వచ్చిందని కొనేముందు చూసుకోవాలి.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటరు దుకాణాలు వరుసగా ఉంటాయి. నిజామాబాదులో ధరలు అడిగి వ్రాసుకొని, రైలెక్కి అక్కడికి వెళ్లి నాలుగు చోట్ల విచారించాము. ఆ రోజు మేమిచ్చిన ధరలివి. ప్రాసెసరు 11,500. దానికి సరిపోయే మదర్‌బోర్డు 5,800. ర్యామ్ 16 జీబీ 3,500. అది ఒకే ముక్కగా కాక ఎనిమిదేసి జీబీల రెండు ముక్కలుగా తీసుకున్నాము. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామునే వాడుకుంటుంది గనుక రెండు దారులుంటే వేగం పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డి 500 జీబీ 3,200. ఎస్‌ఎంపీఎస్ 4,000. క్యాబినెట్ 2,500. మానిటరు 7,500. కీబోర్డు, మౌసు కలిపి 1,000. యూపీఎస్ 3,500. మొత్తం 42,500 అయింది. మిగిలిన 2,500 ప్రయాణానికి, ఇంట్లో కరెంటు పనికి ఉంచుకున్నాము.

ఎస్‌ఎంపీఎస్‌కు 4,000 ఎందుకని దుకాణంలోనే ఒకరు అడిగారు. వెయ్యి రూపాయలకూ దొరుకుతుందన్నారు. గోడలోని 230 వోల్టుల కరెంటును కంప్యూటరుకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచేది ఈ పెట్టె. ఇది నాసిరకమైతే తాను చెడిపోవడమే కాక మిగతా భాగాలనూ కాల్చివేయగలదు. అందుకే 80 ప్లస్ గుర్తున్న 550 వాట్లది తీసుకున్నాము. రేపు కార్డు పెట్టినా మార్చనక్కరలేదు. రంగురంగుల దీపాలున్న క్యాబినెట్ మాత్రం వద్దన్నాము. అబ్బాయి ముఖం కొంచెం వాడిపోయింది గానీ, "దీపాలతోని ఆట ఉరకదు" అని తానే నవ్వాడు.

నిజామాబాదులో ఒకరు పాత గ్రాఫిక్స్ కార్డును సగం ధరకే ఇస్తామన్నారు. ఇటువంటి బేరాల వెనుక ఒక చరిత్ర ఉంది. ఎథీరియం అనే డిజిటల్ నాణెం కోసం ఎందరో ఈ కార్డులను రాత్రింబవళ్లు నడిపించారు. 2022 సెప్టెంబరులో ఆ విధానం ఆగిపోవడంతో అవి పాత సామాను బజారుకు వచ్చాయి. అన్నీ చెడ్డవని కాదు. అరగంట ఆట నడిపి చూపించండి, బిల్లు ఇవ్వండి అని అడిగాము. రెండూ కుదరవన్నారు, మేము లేచి వచ్చాము. కొత్త సామానుకైనా 18 శాతం జీఎస్టీతో బిల్లు తీసుకోవాలి. దానిమీద సీరియల్ నంబరు ఉంటే, పాడైనప్పుడు వారంటీ అడగడానికి చేతిలో ఆధారముంటుంది.

దొంగ విండోసు, దొంగ ఆటలు ఉచితంగా ఎక్కించి ఇస్తామని మరొకచోట అన్నారు. దొంగ సొత్తు ఇంటికి తేవడం మాకిష్టం లేదు; వాటితోపాటు వైరసులు రావడమూ ఉన్నదే. అబ్బాయి ఉచితంగా దొరికే లినక్సు ఎక్కించుకున్నాడు. స్టీమ్ ద్వారా కొన్న ఆటలు ఎన్నో ఇప్పుడు దానిమీద నడుస్తాయి. కొన్ని పోటీ ఆటలు నడవవు గనుక మీ పిల్లలు అడిగే ఆట సంగతి ముందే తెలుసుకోండి.

పల్లెటూరివారికి మరొక మాట. మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్టు కాదు. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేయి జివ్వుమంటే ఎర్తింగు లేదని అనుమానించాలి. మేము ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఇంటి వెనుక గుంట తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగు చేయించాము. గాలివానకు లైను పోయినప్పుడు ఆట ఆపి సక్రమంగా కట్టివేయడానికి యూపీఎస్ కొన్ని నిమిషాలు ఇస్తుంది. వరికోతల దుమ్ము లోపలికి పోకుండా పెట్టెను నేలమీద కాక బల్లమీద ఉంచాలి. నెలకొకసారి జాలీ తీసి దులపాలి.

మరుసటి ఏడు మా కుమారుడు వడ్ల కొనుగోలు కేంద్రంలో లెక్కలు వ్రాసి సంపాదించిన డబ్బుతో దసరాకు గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నాడు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. ఎస్‌ఎంపీఎస్ మార్చలేదు, బోర్డు మార్చలేదు. 2025 చివరి నెలల్లో ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. గనుక మా 3,500 చూసి బజారుకు వెళ్లకండి. మీ లెక్క మీ రోజు ధరలతోనే వేసుకోండి.

ఆ వ్యవసాయపు ఆటలో చెరకు కూడా ఒక పంట. ఒక సాయంత్రం అబ్బాయి తెరమీద చెరకు నరికే యంత్రాన్ని నడుపుతుంటే పెద్దాయన కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "చెరుకు నరికినంక జాగు చెయ్యద్దురా, ఎండితే రసం తగ్గుతది. జల్ది ఫ్యాక్టరీకి తోలు" అన్నారు. మనుమడు బండి తిప్పాడు. క్రషింగు రోజుల్లో శక్కర్‌నగర్ ఎలా ఉండేదో, రాత్రి షిఫ్టులో బాయిలరు ఎలా చూసుకునేవారో ఆయన ఆ రోజు మొదలుపెట్టి చెబుతూనే ఉన్నారు. మేము ఇన్నేళ్లలో వినని సంగతులు అందులో ఎన్నో ఉన్నాయి.

మీ ఇంట్లో ఈ కోరిక వస్తే ముందు పిల్లవాణ్ణి నిజం చెప్పనివ్వండి. ఉన్న డబ్బు ఎంతో మీరూ దాచకుండా చెప్పండి. ఆ తరువాత కాగితం, కలం తీసుకొని ఇద్దరూ కలిసి లెక్క వేయండి.