నీటిలోని కనబడని గాలి

నీరు తేటగా నున్నంత మాత్రమున హితకరమైనదని నమ్మరాదను సత్యమును మా ఉద్దానపు స్త్రీలకు వేరుగా బోధింప నక్కరలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల పల్లెలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్ల దీపముల నార్పినదో లోక మెరుగును. దానికి మూలహేతు వేదియో శాస్త్రజ్ఞు లింకను విచారించుచునే యున్నారు. అయినను బిందె ముంచునప్పుడు ‘ఈ నీటిలో నేమున్నదో’ యని ఒక్క క్షణము తలపోయుట మా సీమ యిల్లాండ్రకు అలవాటైనది. ఆ అలవాటే నాకు మా యింటి చేపల తొట్టి విషయమున గురువైనది.

మా వారు టెక్కలిలో ఉపాధ్యాయులు. పిల్లలకు జలచరముల బ్రతుకును చూపవలెనని మూడేండ్ల క్రిందట అరువది లీటర్ల నీరు పట్టు గాజుతొట్టి నొకదానిని తెచ్చి, అడుగున ఇసుక పరచి, మొక్కలు నాటి, చిన్నచేపలను విడిచిరి. వారు బడికి పోయిన పిదప దాని పాలన నాది. నేను పాఠశాలకు పోయి చదివినదానను గాను. తండ్రిగారి యొద్ద అమరకోశమును, కావ్యములను ఇంటనే చదువుకొంటిని. వారివర్గమునందలి మత్స్యముల పేర్లును, శైవాలపు పేర్లును నోటికి వచ్చును. కాని ఆ మత్స్యమును ఆ శైవాలమును ఒకే పాత్రలో కాపురముంచు విధము ఏ నిఘంటువునందును లేదు. దానిని తొట్టి యొద్దనే నేర్చుకొనవలసి వచ్చెను.

సోదరీమణులారా, ఈ కాపురమునకు మూలమంతయు కార్బన్ డయాక్సైడ్ అను వాయువు నందున్నది. మన పెద్దలు దానిని బొగ్గుపులుసు గాలి యనిరి. చేప దానిని మొప్పలద్వారా విడుచును. మొక్క దానిని ఆహారముగా గైకొనును. అయితే మొక్క ఈ యుపకారమును వెలుతురునందు మాత్రమే చేయునని 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు ప్రకటించెను. చీకటిలో మొక్కయు మనవలెనే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు గాలినే విడుచును. పిమ్మట 1850లో లండను నగరమందలి రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను, నత్తలను ఒకే పాత్రలో పెంచి, ఒకదాని విసర్జనము మరియొకదానికి ఆహారమగుటను లోకమునకు తెలిపెను.

గాలికి తెరచియున్న నీటిలో సహజముగా నిలుచు బొగ్గుపులుసు గాలి లీటరునకు 1 మిల్లీగ్రామునకు లోపలనే. తీవ్రమైన దీపముక్రింద త్వరగా పెరుగు మొక్కల కది చాలదు. అందుచేత కొందరు ఇనుపసిలిండరు నుండియో, చక్కెరనీటిలో ఈస్టు కలిపి పులియబెట్టిన సీసా నుండియో గొట్టముద్వారా ఆ వాయువును తొట్టిలోనికి పంపుదురు. లీటరునకు 20 మొదలు 30 మిల్లీగ్రాముల వరకు నుండిన మొక్కలు ఏపుగా పెరుగును. చేపలును సాధారణముగా ఓర్చును. అంతకు మించినచో చేప తన రక్తమునందలి వాయువును నీటిలోనికి విడువజాలదు. రక్తము పులిసి, ప్రాణవాయువును మోయుశక్తి తగ్గును. ఒకరికి అన్నమైనది మరియొకరికి విషమగు కాపురమిది. కావున ఇల్లాలి కన్ను కొలతపై నుండవలెను.

కొలుచుటకు డ్రాప్ చెకర్ అను చిన్న గాజుబుడ్డి యొకటి కలదు. దానిలో 4 డిగ్రీల కార్బనేట్ కాఠిన్యము గల నీటిని, బ్రోమోథైమాల్ బ్లూ అను రంగుద్రవపు చుక్కలను పోసి తొట్టిలో లోపలిగోడ కతికింతురు. బుడ్డిలోని ద్రవమునకును తొట్టినీటికిని నడుమ గాలి అడ్డుగా నుండును. తొట్టినీటిలోని వాయువు ఆ గాలిలోనికిని, అటనుండి ద్రవములోనికిని చేరి రంగు మార్చును. నీలము వాయువు తక్కువయనియు, లేతపచ్చ సుమారు 30 మిల్లీగ్రాములనియు, పసుపు అపాయమనియు తెలుపును. అయితే ఈ మార్పునకు గంట, రెండు గంటలు పట్టును. బుడ్డి చెప్పునది గడచిన గంటల మాట. ఈ క్షణపు మాట చేపల మొప్పలే చెప్పవలెను. అందుచే నేను రెంటిని చూతును.

బుడ్డిలో తొట్టినీటినే పోయరాదా యని మా వారి నడిగితిని. వారు పలకపై లెక్క వేసి చూపిరి. కాఠిన్యము 4 డిగ్రీలుండి పీ.హెచ్. 7.0 అయినచో లీటరునకు సుమారు 12 మిల్లీగ్రాములు, 6.6 అయినచో 30, 6.4 అయినచో 48. కాఠిన్యము మారినచో ఈ లెక్క యంతయు మారును. మా ప్రాంతమున ఒక యింట బావినీరు, మరియొక యింట కుళాయినీరు, వేరొక యింట యంత్రముతో వడబోసిన నీరు. 2023 డిసెంబరులో ఉద్దానమునకు హిరమండలము జలాశయపు నీటిని తెచ్చు పథకము ప్రారంభమైన పిమ్మట కొన్ని యిండ్ల నీరే మారినది. ఇన్నివిధముల నీటికి ఒకే రంగు ఒకే యర్థము చెప్పజాలదు. పైగా తొట్టిలోని కొయ్యముక్కలు, ఆకులు విడుచు ఆమ్లములును పీ.హెచ్.ను తగ్గించి మోసపుచ్చును. బుడ్డిలోని కొలతనీరు మారదు గనుక దాని సాక్ష్యము నమ్మదగినది.

పలాసలో మా వదినగారి యింట నిట్టి బుడ్డి లేదు. ఆమె కుమారుడు చక్కెరసీసా నొకటి యమర్చి మొక్కలను పెంచుచుండెను. క్రిందటి వర్షర్తువున నొకరాత్రి గాలివీచి విద్యుత్తు ఆగిపోయెను. తెల్లవారుజామున ఆమె టెలిఫోను చేసి, “మరదలా, చేపలన్నియు పైకివచ్చి నోళ్లు తెరచుచున్నవి. ఆకలియా?” యని యడిగెను. “ఆకలి కాదు వదినా, ఊపిరి. ముందు సీసాగొట్టమును తీసివేయుడు. చెంబుతో తొట్టినీటినే ముంచి జానెడెత్తునుండి మరల పోయుచుండుడు” అంటిని. ఆమె తెల్లవారువరకు ఆ పని విడువలేదు. పండ్రెండింట తొమ్మిది బ్రతికెను. తక్కిన మూటిని ఆ బాలుడు కొబ్బరిచెట్టు మొదట పాతిపెట్టి, ఆ పూట అన్నము ముట్టలేదట.

జరిగిన దేమనగా, విద్యుత్తు పోగానే గాలియంత్ర మాగెను. ఉపరితలము కదలక లోని వాయువు వెలికి పోలేదు. చీకటిలో మొక్కలును చేపలతోపాటు ప్రాణవాయువును పీల్చెను. ఈస్టునకు మాత్రము రాత్రి లేదు. అది వాయువును పంపుచునే యుండెను. మా తీరమున ఇది అరుదుగా తటస్థించునది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలి పల్లెలు దినముల తరబడి చీకటిలో నుండెను. రొయ్యల చెరువుల కాపరులు వేకువజామునకై భయపడి ఏల చక్రములను త్రిప్పుదురో ఈ చిన్నతొట్టియే మనకు తెలుపును. రాత్రి యంతయు ఖర్చైన ప్రాణవాయువు వేకువనే మిక్కిలి తక్కువగా నుండును.

కావున నా పద్ధతి యిది. సిలిండరైనచో దీపము వెలిగించుటకు గంట, రెండు గంటల ముందు వాయువును విడిచి, దీప మార్పుటకు గంట ముందు కట్టివేయవలెను. చక్కెరసీసా యైనచో ప్రతిరాత్రియు గొట్టమును నీటినుండి తీసి వెలుపల నుంచవలెను గాని సీసామూతి బిగింపరాదు. లోని వాయువున కది పగులును. బుడ్డిని మధ్యాహ్నమొకమారు, దీప మార్పకమున్ను మరియొకమారు చూడవలెను. వానగాలి సూచన కనబడిన దినమున వాయువు నసలే పంపరాదు. ఒక్కనాడు వాయువు లేకున్న మొక్క చావదు. ఒక్కరాత్రి ఊపిరి లేకున్న చేప బ్రతుకదు.

కొలిచి చూచుటకు తీరిక లేనివారు వాయువును పంపకుండుటయే మేలు. వాలిస్నేరియా, నాచువంటి మొక్కలు మితమైన వెలుతురున, కొలదిచేపలతో, తమకు దొరకిన దానితోడనే నెమ్మదిగా పెరుగును. త్వరగా పెంపగోరినవారు మాత్రము కొలతను విడువరాదు. నోరులేని ప్రాణిని గాజుగోడలలో నుంచి పోషింప బూనినవారికి, అది పీల్చు నీటి నెరుగుట వేడుక కాదు, విధి.