చెయ్యి మంచిది కాదన్నాను, తప్పు నాది

ఈసారి పంట గురించి కాదు, ఒక బీరువా గురించి రాస్తా ఉన్నా. ఊరగాయ జాడీలు పెట్టుకోను నా చేత్తో నేను కట్టిన చెక్క బీరువా. నవ్వుకోకుండా చివరిదాకా చదవండి. మీ ఇళ్లకీ పనికొచ్చే సంగతి ఉంది.

మాది సీతారామపురం పక్క. వెలిగొండల కింద మెట్ట పొలం, అందులో రెండెకరాల నిమ్మ. నిమ్మ రేటు సంగతి మీకు చెప్పేదేముంది. 2022 ఎండాకాలంలో కాయ బంగారమైంది. అదే వానలు పడి కాయ విరగకాసిన రోజుల్లో పొదలకూరుకో గూడూరుకో తోలితే, కోత కూలీ బండి బాడుగ పోను చేతికి మిగిలేది సున్నా. అట్టాంటి ఒక ఏడు తోలకుండా మిగిలిన కాయంతా మా ఇంటామె ఊరేసింది. 14 జాడీలు. మాకు, ఇద్దరు కూతుళ్ల ఇళ్లకు, తోటకొచ్చే కూలోళ్ల మధ్యాన్నం సంగటిలోకి ఏడాదంతా సరిపోవాల.

ఇంట్లో చోటు లేదని ఆ జాడీలన్నీ రేకుల షెడ్డులో పెట్టించింది నేనే. మోటారు సామాన్లు, మందు డబ్బాలు ఒకపక్క, జాడీలు ఒకపక్క. వైశాఖం వచ్చేసరికి వాసెన విప్పి చూస్తే 9 జాడీలు పోయినాయి. కొన్ని బూజు పట్టినాయి, కొన్ని నల్లగా మాడినట్టు అయినాయి. ఆ రోజు నేను అన్న మాట, "నీ చెయ్యి మంచిది కాదు. మా అమ్మ పెట్టిన ఊరగాయ రెండేళ్లయినా చెడేది కాదు" అని. నలుగురు కూలోళ్ల ముందు అన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. జాడీలన్నీ కడిగి బోర్లించింది. ఆ ఏడు ఊరగాయ పెట్టలేదు. అడిగితే, "నా చెయ్యి మంచిది కాదు గదా, కొనుక్కొచ్చుకో" అనింది. ముప్పై ఏళ్లు సంసారం చేసిన మనిషి.

అమెరికాలో ఉండే మా మేనల్లుడు ఒకనాడు ఫోన్లో ఒక వీడియో పంపినాడు. అక్కడ ఒకాయన ఇంట్లోనే ద్రాక్షసారా సీసాలకు చెక్క బీరువా చేసుకుంటా ఉన్నాడు. "మామా, చూడు వీళ్ల పిచ్చి" అన్నాడు. నేను తాగేవాణ్ని కాదు గానీ చెక్కపని మీద ఆశతో చూసినా. ఆయన చెప్పింది ఇదీ. ఆ సరుక్కి ఎండ తగలకూడదు. వేడి 12, 13 డిగ్రీలు ఉండాల. పగలొక రకం రాత్రొక రకం మారకూడదు. సీసాను పడుకోబెట్టాల, లేకపోతే బెండు బిరడా ఎండిపోయి గాలి దూరుద్ది. పాతకాలంలో వాళ్లు భూమిలోపల గదుల్లో దాచేవాళ్లంట. నాకు మన జొన్నల పాతర గుర్తొచ్చింది. మన పెద్దోళ్లకూ తెలిసిన సంగతే గదా ఇది!

అప్పుడు తట్టింది. మా అమ్మ జాడీలు ఉండేది మట్టిమిద్దె లోపలి గదిలో, చీకట్లో. ఈమెకు నేనిచ్చింది రేకుల కింద. మన పక్క ఎండాకాలం బయటే 42, 43 డిగ్రీలు, రేకు కింద ఇంకెంత ఉండుద్దో చూసుకోండి. పగలు జాడీలో చెమ్మ ఆవిరైపైకి లేస్తది, రాత్రి చల్లబడి మూతకు నీళ్లై మళ్లీ ఊరగాయ మీదే పడుద్ది. నీళ్లు పడిన చోట ఉప్పు పలచనై బూజు. వేడికి నిమ్మ నల్లబడుద్ది. చేతి తప్పు కాదు, చోటు తప్పు.

ఆ వేసవి గాలివానకు గట్టు మీద వేపచెట్టు పడింది. సామిల్లులో అంగుళం పలకలు కోయించినా. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒక పెద్దాయన దగ్గరకు పోయి అడిగితే, "తొందరపడబాక అబ్బయా, నీడలో ఆరనీ" అన్నాడు. అక్కడి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉందని మీకు తెలుసు గదా, నర్ది, బిక్కి కర్రతో చేస్తారు. ఆ మాట విని కూడా తొందరపడ్డా. మూడు నెలలకే తలుపులు చేశా. నెల తిరక్కుండా ఒక తలుపు వంకర తిరిగి గడియ పడలేదు. అంగుళం పలక ఆరేదానికి ఏడాది అనుకోండి. పలకకూ పలకకూ మధ్య సన్న రీపర్లు పెట్టి, కొసలకు రంగు పూసి నీడలో పేర్చాల. కొసల్లో తొందరగా ఆరి పగుళ్లిస్తాయి గనక ఆ రంగు. మిగిలిన పలకల్ని అట్టా ఆరబెట్టి తలుపు మళ్లీ చేశా.

కొలతలు చెప్తా. ఎత్తు 5 అడుగులు, వెడల్పు 4, లోతు 15 అంగుళాలు. నిండు జాడీ 10, 12 కేజీలు తూగుద్ది. అరకు నాలుగు జాడీలంటే 50 కేజీల దాకా. 4 అడుగుల పలక మధ్యలో వంగుద్ది, అందుకని రెండో అడుగు దగ్గర నిలువు పలక ఆనించినా. అరల్ని మేకులతో కొట్టలేదు, పక్కపలకల్లో ఉలితో గాడి తీసి దూర్చినా. వేపకర్ర గట్టిది, ఊరికే మేకు కొడితే చీలుద్ది, ముందు బరమాతో బెజ్జం వేసి స్క్రూ బిగించాల. లోపల వార్నీషు పూయలేదు, ఆ వాసన ఊరగాయకు పట్టుద్ది. పైనా కిందా గాలికి బెజ్జాలు పెట్టి జాలీ కొట్టినా. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలు ఎక్కకుండా. పడమటి గోడకు సాయంత్రం ఎండ కొడుద్ది గనక లోపలి గదిలో ఉత్తరపు గోడవైపు, గోడకు మూడంగుళాలు ఎడంగా పెట్టినా. 13 డిగ్రీలు మనకు రావు, ఆశపడొద్దు. అయితే మందపాటి చెక్క వేడిని తొందరగా లోపలికి పోనీదు, చీకటిగా ఉంచుద్ది. మనకు అది చాలు.

అంతా అయినాక ఆమెను పిలిచి చూపించినా. ఏమీ మాట్లాడలేదు. ఒక ఖాళీ జాడీ తెచ్చి వాసెన కట్టి అరలో పెట్టింది. చెయ్యి లోపలికి పోనిచ్చి చూసింది. "వాసెన విప్పి గరిటె పెట్టేదానికి సందేది? ప్రతిసారీ జాడీ కిందికి దించేది నువ్వా?" అనింది. జాడీ 14 అంగుళాలు, నేను అర ఇచ్చింది 16. రోజూ గరిటె పెట్టే మనిషిని అడక్కుండా కొలత తీసినా. మళ్లీ విప్పి, 20 అంగుళాల అరలు రెండు, కింద చిన్న సీసాలకు 10 అంగుళాల అర ఒకటి చేసినా. 12 జాడీలు పట్టేది 8కి వచ్చింది. స్క్రూలు, బందులు, సామిల్లు కూలీ అన్నీ కలిపి 4,000 లోపే అయింది.

రెండోసారి అరలు బిగిస్తా ఉంటే పలక పట్టుకున్నది ఆమే. అప్పుడు చెప్పినా, "ఆ రోజు చెడగొట్టింది నేను, నీ చెయ్యి కాదు" అని. "ఆ మాట కూలోళ్ల ముందు అన్నావు గదా" అనింది. అంతే.

పోయిన వానాకాలం మళ్లీ రేటు పడింది. ఆమె 8 జాడీలు పెట్టింది. మొన్న వైశాఖంలో ఒక్కొక్కటే విప్పినాం. ఏడు నికరంగా ఉన్నాయి, రంగు కూడా ఎక్కువ మారలేదు. ఒకటి బూజు పట్టింది. తడి గరిటె పెట్టింది నేనే, ఒప్పుకున్నా. ఇప్పుడు ఉదయగిరి చెక్క గరిటె ఒకటి బీరువా తలుపుకే తగిలించి ఉంది, దాన్ని నీళ్ల దగ్గరకు తీసుకుపోనీదు.

కోతకొచ్చిన కూలోళ్లు మధ్యాన్నం సంగటి తింటా, "ఊరగాయ బాగుందయ్యా" అన్నారు. నాలుగేళ్లుగా మా తోటకొచ్చే మనుషులే. వాళ్లకు చెప్పినా, "ఆ ఏడు జాడీలు రేకుల కింద పెట్టి చెడగొట్టింది నేను. ఈమె చేతికి ఏ వంకా లేదు" అని. మా ఇంటామె లోపల గిన్నెలు సర్దుతా ఉంది. వినిందో లేదో తెలీదు. ఇంకో గరిటెడు ఊరగాయ మాత్రం తెచ్చి నా సంగటి మీద వేసింది.

మీ ఇంట్లో జాడీలు యాడ ఉన్నాయో ఈ రోజు ఒకసారి పోయి చూడండి.