పాత అక్షరాలకు ఒక గది



మన కోనరావుపేట సంఘానికి ఏళ్ల తరబడి పాటల పుస్తకం టైపు చేసిన పెద్దాయన పోయిన ఏడాది మనల్ని విడిచి వెళ్లారు. మొన్నటి వానలకు ఆయన విండోస్ కంప్యూటరూ పాడైంది. హైదరాబాదులో ఉన్న మన బిడ్డ ఒకరు తన ఎం1 మాక్ ఇచ్చారు. సంతోషమే. కానీ ఆయన ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

పాత ఇంటెల్ మాక్‌లో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకోవచ్చు. 2020లో వచ్చిన ఎం1 నుండి ఆ దారి లేదు. మాక్ లోపలే విండోస్‌కు ఒక గది కట్టాలి. ప్యారలల్స్ తేలికే, కానీ కొనాలి. వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబరు నుండి అందరికీ ఉచితం. మన కానుక డబ్బు విండోస్ లైసెన్సుకే సరిపోతుంది కాబట్టి ఫ్యూజనే ఎంచుకున్నాం. అందులో వేయాల్సింది ఆర్మ్ రకం విండోస్ 11 అని తెలియక రెండు రాత్రులు పోయాయి.

మూడో రాత్రి మొదటి పేజీ తెరుచుకుంది. అంతా గజిబిజి గుర్తులు. అను ఫాంట్లు వేయగానే తెలుగు కనబడింది. పేజీ కింద ఆయన రాసుకున్న మాట: "అమ్మ అడిగిన పాట." కాసేపు మేమెవరమూ మాట్లాడలేదు.

కొత్తది వచ్చిందని పాతదాన్ని బయటికి నెట్టనక్కరలేదు, ప్రియులారా. ఇంట్లో పెద్దవాళ్ల విషయంలోనూ అంతే. ఆయన ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్‌లు మీ దగ్గర ఉంటే ఆదివారం తీసుకురండి.