అబ్బా క్లారినెట్

మా అబ్బా బ్యాండుమేళంలో క్లారినెట్ ఊదేవాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నలభై ఆరేళ్లు పట్టింది.

వరంగల్లో చదువుకునే రోజుల్లో పెళ్లి ఊరేగింపు ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, చెమటలో తడిసిన అబ్బా. కాలేజీ దోస్తులు చూస్తే? బీఏ అయ్యాక హైదరాబాదొచ్చి 2004లో ఒక తెలుగు పత్రికలో చేరాను. డెస్కులో ఒక పెద్దాయన నా మొదటి వ్యాసం చూసి, ప్రేమగానే, "పేరు ముందు ఆ షేక్ ఎందుకోయ్, తీసెయ్. అందరూ చదువుతారు" అన్నాడు. తీసేశాను. అందరూ చదివారు. వాళ్లు చదివింది ఎవరిని?

నిరుడు మావాడు అమెరికాలో జాజ్ చదువుతానన్నాడు. దాదా పోయాక అటక మీద పడున్న క్లారినెట్ పన్నెండో ఏట వాడే దించాడు. తర్వాత శాక్సఫోన్‌కి మారాడు. మా ఆపా దువా చేయలేదు సరికదా, "మ్యూజిక్ హరామ్. దానికి డిగ్రీ కూడానా?" అంది. అమ్మీ చాయ్ కప్పు కింద పెట్టింది. "మీ అబ్బా ఆ గొట్టంలో ఊదిన ఊపిరే మీ కంచాల్లో అన్నమైంది. తిన్న రోజు గుర్తు రాలేదా హరామ్?"

ఆపా మళ్లీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

జాజ్ కోర్సులో చేరాలంటే యూనివర్సిటీకి వెళ్లకముందే సగం చదువు అయిపోవాలని అప్పుడు తెలిసింది. పన్నెండు శృతుల్లో మేజర్ స్కేళ్లు రావాలి. కొత్త నొటేషన్ కాగితం ఇస్తే చూసి వాయించాలి. పన్నెండు బార్ల బ్లూస్ మీద అప్పటికప్పుడు సొంతంగా అల్లాలి. మూడు కార్డ్‌లే చుట్టూ తిరుగుతుంటాయి, మాట మాత్రం నీదై ఉండాలి. ఖవ్వాలు గిరహ్ కట్టినట్టు. వీటన్నిటికీ ముందు, పాత ఉస్తాదుల సోలోలు రికార్డులో విని స్వరం స్వరం ఎత్తుకోవాలి. చార్లీ పార్కర్ 1945లో రికార్డు చేసిన 'నౌజ్ ద టైమ్' కోసం మావాడు రెండు నెలలు కూర్చున్నాడు. కాగితం చూడొద్దు, ముందు చెవితో పట్టుకోవాలట.

గదిలోంచి ఆ ముక్కే మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే అబ్బా గుర్తొచ్చాడు. ఆయనకు నొటేషన్ రాదు. కొత్త సినిమా వస్తే హోటల్ రేడియో ముందు నిలబడి పాట పట్టుకునేవాడు. కుర్ర వాయిద్యగాళ్లతో ఒకటే మాట: "పహ్లే సున్, ఫిర్ ఫూంక్." ముందు విను, తర్వాత ఊదు. నేను సందుల్లో దాక్కున్న చదువు అది. సముద్రాల అవతల దాన్ని ఇప్పుడు సిలబస్ అంటున్నారు.

ఆ సిలబస్‌కీ ఓ కథ ఉంది. అమెరికాలో మొదటి జాజ్ డిగ్రీ టెక్సస్‌లోని డెంటన్‌లో 1947లో మొదలైంది. 1947 అంటే మనకు ఇంకేవో గుర్తొస్తాయి. జాజ్ అంటే గౌరవం లేని రోజులు గనుక ఆ కోర్సుకి 'డాన్స్ బ్యాండ్' అని పేరు పెట్టారు. ఇంకో సంగతి. ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లవాళ్లకు అప్పుడు ఆ కాలేజీలో ప్రవేశం లేదు. 1950ల నడుమ గానీ తలుపులు తెరుచుకోలేదు. పాట కావాలి, పాడినవాడు వద్దు. ఈ లెక్క మనకు కొత్తా?

ఆడిషన్ వీడియో తీసేరోజు వచ్చింది. మొదట కెమెరాకి పేరు చెప్పాలి. "పొడి పేరు చెప్పు చాలు, షేక్ వద్దులే" అన్నాను. నోట్లోంచి వచ్చింది నా మాట కాదు, ఆ డెస్కు పెద్దాయన మాట.

వాడు నన్ను వింతగా చూశాడు. "అబ్బా, యూసుఫ్ లతీఫ్ తెలుసా?"

తెలియదు. వాడే చెప్పాడు. టెనర్ శాక్సఫోన్, ఫ్లూటు, ఓబో, మన షెహనాయి కూడా వాయించిన నల్లజాతి కళాకారుడు. ఇస్లాం తీసుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. తన సంగీతాన్ని జాజ్ అంటే ఒప్పుకునేవాడు కాదు, ఆ మాటలో చిన్నచూపు ఉందని. పేరొచ్చాక కూడా చదువు వదల్లేదు. యాభై దాటాక, 1975లో మసాచుసెట్స్ యూనివర్సిటీ నుంచి విద్యాశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని అక్కడే పాఠాలు చెప్పాడు. అహ్మద్ జమాల్ పియానోకి పెట్టింది పేరు. ఆయనా అంతే. తలెత్తుకుని బతకడానికి వాళ్లు వెతికి పెట్టుకున్న పేర్లు ఇవి. మనకు పుట్టుకతో వచ్చినవి మనమే కత్తిరించుకుంటున్నాం.

వాడు కెమెరా ముందు నిలబడి పూర్తి పేరు చెప్పాడు. దరఖాస్తులో 'మీ సంగీతం ఎక్కడిది' అన్న ప్రశ్నకి దాదా పేరు, బ్యాండుమేళం, వరంగల్ అని రాశాడు. రాసేముందు నన్ను వివరాలు అడిగాడు. అబ్బా ఏ పాటలు వాయించేవాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? సగానికి నా దగ్గర జవాబు లేదు. నేను వినలేదు కదా.

సీటు వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఫీజు, వీసా, విమానాశ్రయంలో ఆ పేరుకి జరిగే మర్యాద, అన్నీ ఉన్నాయి. భయం ఉంది.

ఈ వ్యాసం కింద మాత్రం షేక్‌తో సహా నా పేరు మొత్తం అచ్చు వేయమని సంపాదకుల్ని అడిగాను.