అత్తయ్య దాచుకున్న మాట

మెట్లెక్కితే గుండెల్లో బరువుగా ఉంటోంది. గ్యాస్ అయ్యుంటుందిలే అని మూడు నెలలు వాము నీళ్ళతో నెట్టుకొచ్చాను. చివరికి మా వారు కోప్పడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, గుండెకీ ఛాతీకీ కలిపి సీటీ స్కాన్ రాశారు. రక్తనాళాలు స్పష్టంగా కనబడటానికి చేతి నరంలోంచి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారట.

ఆ మందు కిడ్నీల ద్వారా బయటికి పోవాలి కాబట్టి ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించారు. ఆస్తమా ఉందా, ఏవైనా మందులు పడవా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా అని అడిగారు. నాలుగు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు. కాఫీ అసలే వద్దు, గుండె వేగం పెరుగుతుంది. నాకు అదే పెద్ద శిక్ష!

ఒంటి మీద లోహం ఉండకూడదన్నారని అత్తయ్య నా సూత్రాలు తీసి దేవుడి దగ్గర పెట్టి, పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి నా మెడలో వేశారు. "ఏం కాదులే అమ్మాయ్, చిటికెలో అయిపోతుంది" అన్నారు. రెండేళ్ళ క్రితం ఆవిడకీ ఇదే స్కాన్ తీశారు. అంతకు మించి ఏనాడూ ఏమీ చెప్పలేదు.

అక్కడ నా నాడి 88 ఉంది. మాత్ర ఇచ్చి, 60 దగ్గరికి వచ్చేదాకా గంటసేపు కూర్చోబెట్టారు. తర్వాత మోచేతి దగ్గర సూది, ఛాతీకి ఈసీజీ స్టిక్కర్లు, నాలుక కింద నాళాలు విప్పారే మందు. మిషన్ గుహలా ఉంటుందనుకున్నాను గానీ, పెద్ద గారెలా ఉంది! చేతులు తల పైకి పెట్టించి నర్సమ్మ చెవి దగ్గర చెప్పింది: "మందు వెళ్ళగానే ఒళ్ళంతా వేడెక్కుతుంది. ఒంటికి పోసేసినట్టు అనిపిస్తుంది. పోయదు, భయపడకండి."

ఊపిరి బిగపట్టమన్నారు. గొంతులోంచి వేడి దిగింది, నోట్లో ఇనుము రుచి, ఆపైన అచ్చం ఆవిడ చెప్పినట్టే. చెప్పకపోయుంటే లేచి కూర్చునేదాన్ని, స్కాన్ చెడిపోయేది. అర నిమిషంలో వేడి తగ్గింది. కాసేపు కూర్చోబెట్టి, బాగా నీళ్ళు తాగమని పంపేశారు.

సాయంత్రం ఇదంతా నవ్వుతూ చెబుతుంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"అందరికీ అంతేనా? నేను నిజంగానే చీర పాడుచేశాననుకున్నానే. తడి లేదని చూసుకున్నా నమ్మకం కలగలేదు. ఈ వయసులో ఇదేం ఖర్మ అని రెండేళ్ళుగా కుమిలిపోతున్నా. మొన్న మళ్ళీ తీయించుకోమంటే అందుకే వద్దన్నాను."

నాకు నవ్వు ఆగిపోయింది. ఖర్చు దండగని ఆవిడ వద్దన్నారనే అనుకున్నాం ఇన్నాళ్ళూ.

నా రిపోర్టులో ఒక నాళంలో కాస్త కొవ్వు ఉందని తేలింది. స్టెంట్ అక్కర్లేదు, రోజూ మాత్ర, నడక. వచ్చే మంగళవారం అత్తయ్యకి స్కాన్. ఈసారి సూత్రాల గొడవ లేదు గానీ, వేడి సంగతి మాత్రం ఆవిడే పక్కింటి పిన్నిగారికి చెబుతున్నారు, గొంతు తగ్గించకుండా.